దాపటెద్దు నోట్లో స్పాంజి

నా కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సు కోసం ఆగమంటే బస్టాండంతా తిరుగుతాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మూత తీసి తీసి చూస్తాను. ఇలాంటి దాన్ని పట్టుకొని పశువుల ముందు కదలకుండా నిలబడే పనిలో పెట్టారు.

కామారెడ్డిలో పశువుల మీద పరిశోధన చేసే ఒక చిన్న ప్రాజెక్టులో నేను శాంపిల్స్ తీసే మనిషిని. బర్రె నోట్లో పటకారుతో స్పాంజి ముక్క పెట్టాలి. అది నమిలి నానబెట్టే దాకా ఓపిక పట్టాలి. నానిన ముక్కను గొట్టంలో వేసి, మూత బిగించి, ఐసు డబ్బాలో పెట్టి లాబుకు తేవాలి. ఇదీ ఉద్యోగం. ఊళ్ళలో నన్ను ‘సొంగ మేడం’ అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఫోన్లో నేనే అట్లా చెప్పుకుంటున్నాను, లేకపోతే ఎవరూ గుర్తుపట్టడం లేదు.

పశువుకు నొప్పో, భయమో, బెంగో పట్టుకుంటే దాని సొంగలో కొన్ని రకాల ప్రొటీన్లు పెరుగుతాయి. రక్తం తీసినా తెలుస్తుంది. కానీ సూదిని చూడగానే పశువు బెదురుతుంది, ఆ బెదురు కూడా లెక్కలో కలిసిపోతుంది. స్పాంజితో ఆ గొడవ లేదు. ఏదో కొత్త మేత అనుకొని నములుతుంది. ప్రాజెక్టు నడిపే డాక్టరమ్మను మేమంతా మేడం అంటాం. ఆమె మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు హడావిడిగా పోతే నీ హడావిడి బర్రెకు అంటుకుంటుంది, ముందు నువ్వు ఊపిరి తీసుకో” అంది. అప్పటి నుంచి కొట్టం బయట చెప్పులు విడిచినట్టు నా తొందరను కూడా విడిచి లోపలికి పోవడం నేర్చుకున్నాను. బయటికి రాగానే మళ్ళీ తొడుక్కుంటాను, అది వేరే సంగతి.

జనానికి ఈ పని అర్థం చేయించడమే పెద్ద పని. బీబీపేట వైపు ఒక ఇంటికి ముందురోజే ఫోన్ చేసి, “రేపు పొద్దున వస్తున్నాం, మేము వచ్చేదాకా మేత వేయకండి” అని చెప్పాను. పోయి చూస్తే ఆ ఇల్లాలు బర్రెకు స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాసి, నాలుకను ఉప్పూ పసుపూ పెట్టి తోమి, నోరంతా కడిగి పెట్టింది. “డాక్టరోళ్ళు నోరు జూస్తరట గదా, గలీజుగ ఉంటే ఏమనుకుంటరు” అంది ఎంతో గౌరవంగా. స్పాంజి పచ్చగా బయటికి వచ్చింది. ఏం చెప్పను? ఆమె ఇచ్చిన చాయ్ తాగి, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. దారిలో ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఆ తర్వాత ఒక పొద్దంతా వృథా అయిందని తిట్టుకున్నాను. రెండూ నావే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ స్పాంజి ముక్కను పట్టుకొని నేను మా పుట్టింటికి కూడా పోవలసి వచ్చింది.

ఎల్లారెడ్డికి ఇవతల మా ఊరు. నాకు ఒక అన్న, ఒక తమ్ముడు. అమ్మా బాపూ పోయాక కూడా చాలా ఏళ్ళు ఇద్దరూ కలిసే వ్యవసాయం చేశారు. నిరుడు బోరు మోటరు దగ్గర మొదలైంది. నేను వేసిన మోటరు నువ్వెందుకు బంద్ చేశావంటే నువ్వెందుకు బంద్ చేశావని. మాటకు మాట పెరిగి, అనరాని మాటలు అనుకొని, చివరికి పెద్దమనుషులను కూర్చోబెట్టారు. భూమి చెరిసగం. బోరు వంతులవారీగా. పాత ఇల్లు అన్నకు, రోడ్డు పక్క జాగా తమ్ముడికి. అంతా చీటీలు వేసి తేల్చారు.

ఎడ్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మొండికేశారు. జతను ఒకరు ఉంచుకొని ఇంకొకరికి విలువ కట్టివ్వమన్నారు పెద్దమనుషులు. అన్న వినలేదు, తమ్ముడు వినలేదు. వాటిని లేగలప్పుడు తెచ్చి, నాగలి నేర్పి, ఇద్దరూ కలిసి పెంచారు. ఎవరు వదులుతారు? చివరికి చెరొకటి అన్నారు. దాపటెద్దు అన్నకు, వలపటెద్దు తమ్ముడికి. దాపట అంటే కాడికి ఎడమవైపు కట్టేది, వలపట అంటే కుడివైపు కట్టేది. ఎప్పుడూ అవే స్థానాలు, మార్చి కడితే నడవవు. జత ఎడ్లను అట్లా పంచుకోవడమంటే జత చెప్పుల్లో చెరొకటి తీసుకోవడమే. అయినా అందరూ తలలూపారు. ఎవరికీ ఎక్కువ కాలేదు, ఎవరికీ తక్కువ కాలేదు కదా, అదే న్యాయమట.

నేనూ అక్కడే ఉన్నాను. కాలు కాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతూ ఉన్నాను. “ఒక్క ఎద్దుతోని ఏం దున్నుతరు?” అని అడిగితే, ఒక పెద్దమనిషి “నువ్వు ఆడబిడ్డవు, చీర పెట్టించుకొని పో, నీకెందుకు ఈ లొల్లి” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు మంటే.

ఆ రోజు నుంచి మా అన్నాతమ్ముళ్ళు మాట్లాడుకోవడం లేదు. ఊరికి పోతే నాకు రెండు ఇళ్ళలో రెండు భోజనాలు. అన్న ఇంట్లో వదిన వడ్డించింది తిని, వెంటనే ఊరి ఆ చివరికి పోయి తమ్ముడి ఇంట్లో మరదలు వడ్డించింది తినాలి. ఒకచోట తక్కువ తింటే ఇంకోచోట ఎక్కువ తిన్నట్టు లెక్క. పైగా ఇద్దరి నోటా ఒకే రకం మాట. అన్న “నీ తమ్ముడు” అంటాడు. తమ్ముడు “నీ అన్న” అంటాడు. తోడబుట్టినవాళ్ళు కారన్నట్టు, ఇద్దరూ నా ఒక్కదానికే చుట్టాలన్నట్టు. నీ తమ్మునికి చెప్పు, నీ అన్నకు చెప్పు, ఇదే పాట.

మొన్నటి వానకాలంలో, మక్కచేను మోకాలెత్తు ఉన్నప్పుడు వదిన ఫోన్ చేసింది. “ఎద్దు మేత ముడుతలేదు. డాక్టరును పిలిపిస్తే జరం లేదన్నడు, కడుపు మంచిగనే ఉన్నదన్నడు. మందులు తాగిపిచ్చినం. గోడ దిక్కు జూసుకుంట నిలవడ్తది. మీ అన్న వచ్చే అంగడికి తోలుకపోయి ఇచ్చేస్త అంటుండు.”

బక్కచిక్కి, మేత ముట్టని ఎద్దును అంగట్లో, అంటే పశువుల సంతలో, ఎవరు కొంటారో, కొన్నాక అది ఎటు పోతుందో మా వైపు అందరికీ తెలుసు. ఫోన్ పెట్టేసి లాబంతా తిరిగాను. మేడం చూసి చూసి, “ఏమైంది, చెప్పి తిరుగు” అంది. చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ప్రాజెక్టు బర్రెల మీదే అయినా ఒక జత ఎడ్ల శాంపిల్ తెస్తే చూద్దాం అంది. ఆ మాట కోసమే చూస్తున్నట్టు సంచి భుజాన వేసుకొని ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కండక్టరు వింతగా చూశాడు.

ముందు అన్న ఇంటికి పోయి దాపటెద్దును చూశాను. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు బయటపడ్డాయి. కొట్టంలో తన ఎడమ గుంజ దగ్గరే నిలబడి ఉంది. కుడివైపు గుంజ ఖాళీ. దాని దగ్గర అన్న ఎరువు బస్తాలు పేర్చాడు. ఎద్దు ఆ బస్తాలను తాకకుండా, తన జాగాలో తాను ఇరుగ్గా నిలబడి ఉంది. స్పాంజి పెడితే వద్దనలేదు, నమలనూ లేదు. నోట్లో అట్లాగే ఉంచుకుంది. అది నానడానికి చాలాసేపు పట్టింది. అంతసేపు కదలకుండా నిలబడడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

తర్వాత తమ్ముడి ఇంటికి పోయాను. వలపటెద్దు మేత తింటోంది కానీ కుదురు లేదు. గుంజ చుట్టూ తిరుగుతూ ఉంటుందట, పలుపు తెంపుకొని ఊళ్ళోకి ఉరికిందట కూడా. “ఏం రోగమో ఏమో అక్కా, ముందటి లెక్క లేదు” అన్నాడు తమ్ముడు. దాని తిరుగుడు చూసి నాకు దాని మీద ఒక రకమైన అభిమానం కలిగింది. నా జాతిదే.

రెండు శాంపిళ్ళనూ లాబులో చూశారు. మేము అప్పటిదాకా చూసిన పశువుల కన్నా రెండింటిలోనూ ఆ ప్రొటీన్లు బాగా ఎక్కువగా ఉన్నాయి. ఒకటి కదలదు, ఒకటి నిలవదు, సొంగ మాత్రం రెండింటిదీ ఒకే మాట చెప్పింది. నేను ఎగిరి గంతేసి, “చూశారా మేడం, జత విడగొట్టినందుకే” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “వాటి మీద ఒత్తిడి ఉందని మాత్రమే ఇది చెబుతుంది. ఎందుకుందో చెప్పదు. ఎందుకో తెలియాలంటే రెండింటినీ మళ్ళీ ఒకచోట కట్టి, తగ్గుతుందేమో చూడాలి” అంది.

ఒకచోట కట్టాలి. ఎంత సులువుగా అనేసింది!

మళ్ళీ ఊరికి పోయి అన్నను అడిగాను. చేతిలో చాయ్ గిలాస పట్టుకొని మక్కచేను వైపు చూస్తూ, “వద్దని నేనెన్నడన్న? నీ తమ్ముడొచ్చి అడుగుమను” అన్నాడు. తమ్ముడి దగ్గరికి పోయాను. “నాకేమన్న పట్టింపున్నదా అక్కా? నీ అన్ననే వచ్చి తోలుకపొమ్మను” అన్నాడు. మళ్ళీ అన్న, మళ్ళీ తమ్ముడు. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగీ తిరిగీ నా చెప్పు తెగింది. ఇద్దరి చేలల్లోనూ గడ్డి మొక్కల ఎత్తు పెరుగుతోంది. సాళ్ళ మధ్య గుంటుక తోలాలంటే ట్రాక్టరు పోదు, ఎడ్లే కావాలి. ఎద్దు ఇద్దరి దగ్గరా ఉంది, ఎడ్లు ఎవరి దగ్గరా లేవు. అయినా సరే ఒకరి గడప ఒకరు తొక్కరు. అంగడి రోజు దగ్గర పడుతోంది. బేరగాడు ఒకసారి వచ్చి ఎద్దును చూసి కూడా పోయాడని వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నాకు కోపం నషాళానికి అంటింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకునే అన్న వాకిట్లో నిలబడి, తమ్ముడికి ఫోన్ కలిపి, స్పీకరులో పెట్టి ఇద్దరికీ వినబడేట్టు అరిచాను. “ఎవ్వరు ఎవ్వరిని అడుగుడు అవసరం లేదు. నేను అడుగుతున్న. ఇది మా ఆఫీసు పరీక్ష. పొద్దుగాల్ల రెండు ఎడ్లు ఈ కొట్టంల ఉండాలె. మేత వెయ్యొద్దు. మీరు మాట్లాడుకుంటే మాట్లాడుకోండ్రి, లేకుంటే లేదు, నాకు మీ మాటలు అక్కెర లేదు, ఎడ్ల సొంగ గావాలె!”

అవతల నుంచి తమ్ముడు మెల్లగా, “పరీక్ష కొరకైతే తోలుకొస్త” అన్నాడు. అన్న గిలాస కింద పెట్టి, కొట్టంలోకి పోయి కుడి గుంజ దగ్గరి ఎరువు బస్తాలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. పరీక్ష కొరకే మరి.

మరునాడు పొద్దున తమ్ముడు వలపటెద్దును తోలుకొని వచ్చాడు. గేటు బయటే ఆగిపోయాడు. తను పుట్టిన ఇంటి ముందు, చుట్టపు చూపుగా వచ్చినవాడి కన్నా దూరంగా. అన్న కొట్టం వెనుక గోడకు ఆనుకొని, రేకుల్లో ఏదో బొక్క కనబడ్డట్టు పైకి చూస్తున్నాడు. నేను ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతున్నాను. ఎద్దు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. తమ్ముడి చేతిలోని పలుపును లాక్కుంటూ గేటు దాటింది, దానితో పాటు తమ్ముడూ గేటు దాటక తప్పలేదు. నేరుగా కొట్టంలోకి పోయి, కుడి గుంజ దగ్గర తన జాగాలో నిలబడింది. అప్పటిదాకా గోడ చూస్తున్న దాపటెద్దు తల తిప్పింది. వాసన చూసింది. తర్వాత పక్కదాని మెడను గరగరమని నాకడం మొదలుపెట్టింది. వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది.

అవి కుదుటపడేదాకా ఆగమని మేడం చెప్పింది కనుక ఆగాను. ఆగడమంటే నాకు తెలిసిన పద్ధతిలోనే. వాకిలి ఊడ్చాను, ఊడ్చిన వాకిలిని మళ్ళీ ఊడ్చాను. అన్నకు ఒక చాయ్, తమ్ముడికి ఒక చాయ్ వేరువేరుగా తెచ్చిచ్చాను. ఇద్దరూ చెరో మూల నిలబడి ఎడ్లను చూస్తూ తాగారు. ఎండ కొట్టం గడపను దాటాక స్పాంజి తీశాను.

దాపటెద్దు ఈసారి నమిలింది. ముక్క చప్పున నానింది. గొట్టంలో వేసి మూత బిగించి డబ్బాలో పెట్టాను. వలపటెద్దు దగ్గరికి వచ్చేసరికి అది నోరు తెరవలేదు. తమ్ముడు బతిమాలాడు, ముక్కుతాడు పట్టి లాగబోయాడు. నేను వద్దన్నాను, లాగితే పరీక్ష పాడవుతుంది. వెనకటికి మందు తాగించినా, నాలుక చూసినా, నోటి పనులన్నీ అన్నే చేసేవాడు. తమ్ముడిది తోలే చెయ్యి, అన్నది తాగించే చెయ్యి.

అన్న రేకుల వైపే చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు, “గదుమ కింద గోకాలె” అన్నాడు.

తమ్ముడు గడ్డం కింద గోకాడు. ఎద్దు తెరవలేదు. ఇంకాస్త గోకాడు. తెరవలేదు. అన్న ఓర్చుకోలేకపోయాడు. గోడను వదిలి వచ్చి, తమ్ముడి పక్కన నిలబడి, తమ్ముడి చేతి పక్కనే తన చెయ్యి పెట్టి, “తెరువు బిడ్డా, తెరువు” అన్నాడు ఎద్దుతో. ఇద్దరి భుజాలూ తగిలాయి. ఇద్దరూ జరగలేదు.

తమ్ముడు ఎద్దు చెవి దగ్గరికి వంగి అన్నాడు: “తెరువు రా. మీ పెద్దబాపు చెప్తుండు గదా.”

పెద్దబాపు, అంటే పెదనాన్న. నీ అన్న కాదు. అంతకాలంగా నేను రెండిళ్ళ అన్నం తింటూ ఎదురుచూసిన మాట, ఎద్దుకు చుట్టరికం కలిపి చెప్పాడు.

ఎద్దు నోరు తెరిచింది. నేను స్పాంజి పెట్టాను. అది నమిలింది, నానింది, బయటికి కూడా తీశాను. అప్పుడే నాకు కళ్ళు కనబడకుండా పోయాయి. పటకారు జారి, స్పాంజి పోయి పేడలో పడింది.

ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

“గయ్యో,” అన్నాడు తమ్ముడు. “పాయె గదా అక్కా. ఇప్పుడెట్ల?”

“మళ్ల తియ్యాలె,” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

అన్న ఎద్దు గడ్డం మీది నుంచి చెయ్యి తీయలేదు. “మళ్ల ఎప్పుడొస్తవు చెల్లె?” అన్నాడు.

“అంగడి అయినంక,” అన్నాను.

అన్న గొంతు సవరించుకున్నాడు. ఈసారి రేకుల వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. “అయితే అందాంక గిది గీడనే ఉండనీ,” అన్నాడు తమ్ముడితో. “రెండు ఒక్కకాడ ఉండాలె గదా పరీక్షకు. ఉన్నన్ని దినాలు గుంటుక కొట్టుకుందాం. ముందుగాల నీ చేను.”

తమ్ముడు తల ఊపి, చేతిలోని పలుపును కుడి గుంజకు కట్టాడు.

నా సంచిలో ఇంకా బోలెడు స్పాంజి ముక్కలున్నాయి. గొట్టాలూ ఉన్నాయి. డబ్బాలో ఐసు కూడా కరగలేదు. నేను సంచి జిప్పు లాగేసి, బస్సు టైమైందని చెప్పి బయలుదేరాను.